ఆ పసుపు లైటుకి టేపు అంటించకండి

దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మా కారు డాష్‌బోర్డు మీద ఒక చిన్న నల్ల టేపు ముక్క కనిపించింది. కరెంటు వైర్లకి చుట్టే ఇన్సులేషన్ టేపు. గోరంత ముక్క, నీట్‌గా కత్తిరించి అంటించారు.

"ఇదేంటి నాన్నా?" అని అడిగా.

"ఆ లైటు రెండు నెల్ల నుంచి వెలుగుతూనే ఉందిరా. రాత్రిపూట కళ్లలో పడుతోంది. బండి బానే నడుస్తోందిగా" అన్నారు.

టేపు పీకితే కింద చెక్ ఇంజిన్ లైటు. పసుపు రంగులో, ఇంజిన్ బొమ్మతో.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆ లైటుని ఆర్పడం రిపేరు కాదు. అది ఏం చెబుతోందో చదవాలి. చదివాక గుడ్డిగా నమ్మేయకుండా చెక్ చేయాలి. ఈ రెండూ చేయకపోతే చిల్లు పడేది మన జేబుకే. ఇందులో రెండోది నేను కాస్త పరువు పోగొట్టుకుని నేర్చుకున్నా. అదీ చెబుతా.

మా నాన్న నోటుపుస్తకాల ఏజెంటు. తెనాలి నుంచి పొన్నూరు, బాపట్ల, చీరాల, రేపల్లె దాకా షాపులు తిరిగి ఆర్డర్లు తీసుకుంటారు. బండి 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నెలకి 1,500 కిలోమీటర్లు తిరుగుతుంది. నోటుపుస్తకాలు అమ్మే మనిషి కదా, కారుకి కూడా ఒక నోటుపుస్తకం పెట్టారు. ట్యాంకు ఫుల్ చేయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు రీడింగు అందులో రాస్తారు. ఆ అలవాటు చూసి నేనూ చెల్లీ నవ్వుకునేవాళ్లం. చివరికి అదే అన్నిటికంటే పనికొచ్చింది.

ఆ పుస్తకంలో జూలై దాకా లీటరుకి 17 కిలోమీటర్లు, అటూ ఇటూగా. ఆగస్టులో 14. సెప్టెంబర్‌కి 13. అంటే నెలకి 88 లీటర్లు సరిపోయే చోట 115 లీటర్లు పోస్తున్నారు. లీటరు 110 రూపాయల లెక్కన ఆ 27 లీటర్లు దాదాపు 3,000 రూపాయలు. ఇంచుమించు నా హాస్టల్ మెస్ బిల్లంత. నెలనెలా ఆ డబ్బు సైలెన్సర్‌లోంచి పొగై పోతోంది. నాన్న మాత్రం ఆ లైటుకి టేపు అంటించి, ఖర్చు తగ్గించుకోడానికి మధ్యాహ్నం హోటల్ భోజనం మానేసి ఇంటి నుంచి క్యారేజీ పట్టుకెళ్తున్నారు. ఈ సంగతి అమ్మ చెబితే తెలిసింది.

మైలేజీ పడిపోతే మనందరం ఏం చేస్తామో ఆయనా అదే చేశారు. ముందు తన కాలిని అనుమానించారు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతున్నానేమో అని. తర్వాత బంకు మార్చారు. తర్వాత ఇథనాల్‌ని తిట్టారు.

ఇథనాల్ సంగతి ముందు తేల్చేద్దాం. 2025కల్లా మన పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిసిపోయింది. ఒక లీటరు ఇథనాల్‌లో శక్తి, ఒక లీటరు పెట్రోల్‌లో ఉన్నదానికంటే సుమారు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం నిజమే. ఎంత? నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లోనే ఒక అంచనా ఉంది. మామూలు పెట్రోల్ కోసం డిజైన్ చేసి, 10 శాతం ఇథనాల్‌కి సర్దుబాటు చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గుతుందని. మా బండిలో తగ్గింది 23 శాతం పైనే. ఇథనాల్ ఒక్కటే ఇంత మింగదు. నోటుపుస్తకం లేకపోతే ఈ లెక్క వేయగలిగేవాణ్ణి కాదు. మిగతా వాళ్లలాగే ఇథనాల్‌ని తిట్టి ఊరుకునేవాణ్ణి.

మరి మింగుతున్నదేంటి? అది తెలియాలంటే సైలెన్సర్ పైపులో స్క్రూలాగా బిగించి ఉండే వేలంత వస్తువు గురించి మాట్లాడాలి. ఆక్సిజన్ సెన్సార్.

ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోల్ దానికంటే ఎక్కువైతే మిశ్రమం చిక్కన, తక్కువైతే పలచన. పుస్తకాల్లో వీటిని రిచ్, లీన్ అంటారు. నాన్నకి చెప్పేటప్పుడు నాకు రిచ్, లీన్ అనే మాటలే వచ్చాయి, ఆయన మొహం చూస్తే అర్థం కాలేదని తెలిసింది. "మజ్జిగలాగా నాన్నా, చిక్కన, పలచన" అన్నా. ఒక్క సెకనులో అందుకున్నారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివినోణ్ణి, ఈ రెండు మాటలు వెతుక్కోడానికి నాకు నిమిషం పట్టింది.

ఇంజిన్ కంప్యూటర్ సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్ముతుంది. ఎంత చిమ్మాలో ముందు లెక్క వేసుకుంటుంది. అది సరిపోయిందా లేదా అనేది మండాక బయటికొచ్చే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూస్తేనే తెలుస్తుంది. ఆ చూసే పని సెన్సార్‌ది. ఆక్సిజన్ ఎక్కువ మిగిలిందంటే పలచన, పెట్రోల్ పెంచు. అసలు మిగల్లేదంటే చిక్కన, తగ్గించు. ఇది సెకనుకి ఒకటి రెండుసార్లయినా అటూ ఇటూ ఊగుతూ జరుగుతూనే ఉంటుంది. దీన్ని క్లోజ్డ్ లూప్ అంటారు. సెన్సార్ మాట వినకుండా, ముందే రాసిపెట్టుకున్న లెక్కతో నడపడం ఓపెన్ లూప్.

ఈ తేడా మా అమ్మ వంటలో ఉంది. రోజూ పులుసు పెట్టేటప్పుడు గరిటెతో అరచేతిలో వేసుకుని రుచి చూస్తుంది, ఉప్పో పులుపో సరిచేస్తుంది. అది క్లోజ్డ్ లూప్. వినాయక చవితికి నైవేద్యం పులిహోర చేసేటప్పుడు రుచి చూడకూడదు. అలవాటైన కొలతతో వేసేస్తుంది. అది ఓపెన్ లూప్. ఒక్క తేడా ఉంది. రుచి చూడలేని రోజు అమ్మ ఉప్పు కాస్త తక్కువే వేస్తుంది, తక్కువైతే తర్వాత కలుపుకోవచ్చని. ఇంజిన్ కంప్యూటర్ మాత్రం రుచి తెలియనప్పుడు పెట్రోల్ కాస్త ఎక్కువే పోస్తుంది, తక్కువైతే బండి ఆగిపోతుందని. ఆ "కాస్త ఎక్కువ" బిల్లు మనకే వస్తుంది.

ఇంకో సంగతి. ఆ సెన్సార్ లోపల ఉన్నది మనం ఫస్టియర్ ఇంజినీరింగ్ కెమిస్ట్రీలో బట్టీ కొట్టిన నెర్న్‌స్ట్ ఈక్వేషనే. జిర్కోనియా అనే సెరామిక్ గొట్టం, రెండు పక్కలా ప్లాటినం పూత. ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క పొగ. రెండు పక్కలా ఆక్సిజన్‌లో ఉన్న తేడాని బట్టి వోల్టేజీ పుడుతుంది. చిక్కనైతే సుమారు 0.9 వోల్టులు, పలచనైతే 0.1. 1920 కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న నెర్న్‌స్ట్ గారి ఈక్వేషన్ మా నాన్న కారు కింద బురదలో తిరుగుతోందని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పరీక్ష అయిపోయిన మర్నాడే మర్చిపోయేవాణ్ణి కాదు.

ఈ సెన్సార్‌కి ఒక బలహీనత ఉంది. చల్లగా ఉంటే పనిచేయదు. సుమారు 300 డిగ్రీలు దాటితేగానీ ఆ సెరామిక్‌లోంచి ఆక్సిజన్ అయాన్లు కదలవు. అందుకే లోపల ఒక చిన్న హీటర్ పెడతారు. బండి స్టార్ట్ చేసిన కాసేపటికే వేడెక్కించి సెన్సార్‌ని పనిలోకి దింపుతుంది. ఈ హీటర్‌ని గుర్తు పెట్టుకోండి, కథంతా దానిదే.

ఇక మా కారు. నాన్న అప్పటికే ఒక గ్యారేజీకి వెళ్లొచ్చారు. అక్కడ కుర్రాడు స్కానర్ పెట్టి కోడ్ చెరిపేసి 300 తీసుకున్నాడు. లైటు ఆరింది. మూడో రోజుకి మళ్లీ వెలిగింది. ఇంకోచోట "బల్బు తీసేద్దాం సార్, గొడవుండదు" అన్నారట. బల్బు ఎందుకు, టేపు చాలనుకున్నారు నాన్న.

సీఎస్ఈ ఫ్రెండ్స్, ఇది మనకి బాగా తెలిసిన పనే. ప్రోగ్రామ్‌లో ఎర్రర్ వస్తుంటే ట్రై, ఎక్సెప్ట్, పాస్ అని రాసి సబ్మిట్ చేయడం. కోడ్ చెరిపేటప్పుడు దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. అంటే తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిలో ఉంది, ఎంత స్పీడ్‌లో ఉంది అని కంప్యూటర్ దాచుకున్న రికార్డు. లాగ్ ఫైల్ డిలీట్ చేసి బగ్ ఫిక్స్ చేశానని చెప్పినట్టే. దానికి 300 రూపాయలు.

నేను ఆన్‌లైన్‌లో 700 పెట్టి బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ తెప్పించా. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చి ఫోన్‌కి కలిపా. పీ0135 అని వచ్చింది. ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్, ఒకటో సెన్సార్. లైవ్ డేటా చూస్తే ఇంకా స్పష్టంగా ఉంది. స్టార్ట్ చేశాక నిమిషాలు గడిచినా సెన్సార్ వోల్టేజీ 0.45 దగ్గర గీత గీసినట్టు కదలకుండా ఉంది. ఓపెన్ లూప్ అని చూపిస్తోంది. చీరాల రోడ్డెక్కి పది పదిహేను నిమిషాలు నడిపాక, పొగ వేడికి సెన్సార్ తనంతట తనే వేడెక్కి, గీత పైకీ కిందికీ ఊగడం మొదలైంది. షాపు దగ్గర అరగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ నిలువు గీతలేని చదును.

అప్పుడు అర్థమైంది నాన్న బండే ఎందుకింత తాగుతోందో. ఆయన పనే షాపు షాపుకీ ఆగడం. ఐదు కిలోమీటర్లు, ఆపు. మూడు కిలోమీటర్లు, ఆపు. హీటర్ లేని సెన్సార్ వేడెక్కేలోపే బండి ఆగిపోతోంది. అంటే రోజంతా ఇంజిన్ రుచి చూడకుండానే వండుతోంది. అదే హైవే మీద ఏకబిగిన హైదరాబాద్ వెళ్లే బండైతే ఇంత తేడా తెలిసేది కాదు. ఐడ్లింగ్‌లో వణుకు, పికప్‌లో లాగినట్టుండటం, గ్యారేజీలో పెడితే పెట్రోల్ వాసన, సైలెన్సర్ చివర వేలు పెడితే నల్లటి మసి, అన్నీ దీంతో సరిపోయాయి.

ఇక నా పరువు సంగతి. "సెన్సార్ పోయింది నాన్నా, కొత్తది వేయించాలి. 3,500 అవుతుంది" అని డాక్టర్‌లాగా చెప్పా. ఫోన్‌లో చూపించా కూడా. నాన్న నన్ను నమ్మేశారు. ఏటీఎంకి వెళ్లబోతూ, దార్లో పాత మెకానిక్ బాబాయ్ ఒకాయన ఉంటే ఆయనకి ఓ మాట చెబుదామన్నారు.

బాబాయ్ నా ఫోన్ చూశారు. "అబ్బాయ్, ఇక్కడ సెన్సార్ పోయిందని రాసుందా, హీటర్ సర్క్యూట్ అని రాసుందా?" అన్నారు.

సర్క్యూట్ అనే రాసుంది.

ఆయన ముందు ఫ్యూజు చూశారు. బాగుంది. సెన్సార్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టారు. హీటర్ కొద్ది ఓమ్‌లు చూపించింది, అంటే తెగిపోలేదు. తర్వాత బండి వైపు నుంచి వచ్చే వైరుకి మీటర్ పెట్టి స్టార్ట్ చేయించారు. 12 వోల్టులు రావాల్సిన చోట సున్నా. వైరు వెంట చెయ్యి పోనిస్తూ వెళ్తే ఇంజిన్ వెనకాల ఒకచోట ఎలుక కొరికేసింది. మా ఇంటి పక్కనే ధాన్యం గోడౌను ఉంది, అక్కడ ఎలుకలకి కరువు లేదు. వైరు అతికించి, టంకం వేసి, పైన తొడుగు వేశారు. 250 తీసుకున్నారు. నేను 3,500 పెట్టి కొత్త సెన్సార్ వేయించి ఉంటే? దానికీ కరెంటు అందేది కాదు. లైటు మళ్లీ వెలిగేది.

చదవడం వేరు, తేల్చడం వేరు. ఫాల్ట్ కోడ్ మనకి అడ్రస్ చెబుతుంది, దొంగ పేరు చెప్పదు. ఈ తేడా తెలియక సెన్సార్ల మీద సెన్సార్లు మార్పించే వాళ్లు చాలామంది. మార్చే గ్యారేజీలకీ అందులో నష్టం లేదు.

సెన్సార్ నిజం చెప్పినా మనం తప్పు అర్థం చేసుకునే సందర్భాలు ఇంకా ఉన్నాయి. ఈ సెన్సార్ పెట్రోల్‌ని చూడదు, మిగిలిన ఆక్సిజన్‌ని మాత్రమే చూస్తుంది. స్పార్క్ ప్లగ్ సరిగ్గా మండించకపోతే పెట్రోల్ వృథాగా బయటికి పోతుంది, దాంతోపాటు వాడని ఆక్సిజన్ కూడా పోతుంది. సెన్సార్ "పలచన" అంటుంది. కంప్యూటర్ ఇంకా పెట్రోల్ పోస్తుంది. సెన్సార్‌కి ముందు పైపులో చిల్లు ఉండి బయటి గాలి దూరినా అంతే.

బైకుల వాళ్లు, ఇది మీకే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక అమ్మిన చాలా బైకులు, స్కూటీలకి కూడా ఈ సెన్సార్ ఉంది. మన హాస్టల్ పార్కింగ్‌లో కంపెనీ సైలెన్సర్ పీకేసి సౌండ్ కోసం వేరేది బిగించుకున్నవి ఎన్నున్నాయో నాకు తెలుసు. జాయింట్ దగ్గర లీకు ఉంటే, సెన్సార్ ఊడదీసి వైరు వేలాడదీస్తే, మీ బండి కూడా లెక్క తెలియకుండానే పెట్రోల్ తాగుతుంటుంది. సౌండ్ మీది, పెట్రోల్ డబ్బులు మీ ఇంట్లోవాళ్లవి.

కొందరు సీనియర్లు, ముఖ్యంగా మా మామయ్య, ఇంకో మాట అంటారు. "ఈ సెన్సార్లే అసలు గొడవ. అంబాసిడర్ రోజుల్లో ఇవేవీ లేవు, స్క్రూడ్రైవర్ చాలు." నిజమే, కార్బ్యురేటర్ రోజుల్లో మెకానిక్ చెవితో విని స్క్రూ తిప్పేవాడు. కానీ తిప్పిన ఆ రోజుకే ఆ సెట్టింగు. మర్నాడు ఎండ మారినా, ఫిల్టర్‌లో దుమ్ము పట్టినా అది మారదు. సెన్సార్ ఉన్న ఇంజిన్ అనుక్షణం సర్దుకుంటుంది. మన పెట్రోల్‌లో ఇథనాల్ ఎంత కలిపినా మిగిలిన ఆక్సిజన్ చూసి తగ్గట్టు కొంతవరకు సర్దుకోగలిగేది కూడా ఈ సెన్సార్ వల్లే.

పైగా ఇది మైలేజీ కోసమే పుట్టింది కాదు. బాష్ కంపెనీ ఈ సెన్సార్‌ని 1976లో తెచ్చింది, మొదట అమెరికాకి వెళ్లే వోల్వో కార్లలో వాడారు. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే మిశ్రమం ఆ 14.7 చుట్టుపక్కలే ఉండాలి. చిక్కగా నడిపితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. నెలల తరబడి అలాగే నడిపితే మండని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌లోనే మండి దాన్ని పాడుచేస్తుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, కాబట్టి దాని రేటు ఊహించుకోండి. 250 రూపాయల వైరుకి టేపు అంటిస్తే చివరికి చేరేది అక్కడికి.

"సెన్సార్ బాగుచేస్తే 40 శాతం మైలేజీ పెరుగుతుంది" అని వీడియోల్లో ఊదరగొడుతుంటారు. అమెరికా ప్రభుత్వ ఇంధన సైట్‌లో ఉన్న మాట, సెన్సార్ పాడవడంలాంటి తీవ్రమైన లోపం సరిచేస్తే 40 శాతం "దాకా" పెరగొచ్చని. అది పైహద్దు, హామీ కాదు. మా బండి రెండు ట్యాంకులు తిరిగాక నోటుపుస్తకంలో 16 వచ్చింది. 17 కాదు. ఆ మిగిలిన ఒక కిలోమీటరులో ఇథనాల్ వాటా ఉంటుంది, బండి వయసు వాటా ఉంటుంది. నాన్నకి 16 చాలు. టేపు మళ్లీ అంటించలేదు. క్యారేజీ మాత్రం ఇంకా పట్టుకెళ్తున్నారు, అలవాటైపోయిందట.

కాబట్టి నేను అడిగేవి ఇవి. ట్యాంకు ఫుల్ చేయించినప్పుడల్లా రాసిపెట్టుకోండి, కాగితం మీదో ఫోన్‌లోనో. లైటు వెలిగితే కోడ్ నంబర్ రాసుకోకుండా ఎవర్నీ చెరపనివ్వకండి. "సెన్సార్ మార్చాలి" అంటే "ఏం టెస్ట్ చేశారు?" అని అడగండి. ఫ్యూజు, వైరు, కరెంటు చూశారా, పైపులో లీకు చూశారా అని. ఈ ప్రశ్నకి కోపం వచ్చే గ్యారేజీకి వెళ్లకండి.

చివరిది మన క్లబ్బుకి. ఇరవై రెండేళ్లు బళ్లు నడిపిన మా నాన్నకి తన కారు ఏం చెబుతోందో తెలియడానికి నేను కావాల్సి వచ్చింది, నేనూ తప్పే చదివా. అది ఆయన తెలివి తక్కువై కాదు. కారు ఆయనకి ఒక పసుపు బొమ్మ చూపించి ఊరుకుంది, అసలు సంగతి ఇంగ్లిష్‌లో లోపల దాచుకుంది. మామూలుగా ఎక్కువ వచ్చే ఒక వంద ఫాల్ట్ కోడ్లకి తెలుగులో అర్థం, దానికి ముందు చూడాల్సిన నాలుగు విషయాలు రాసిపెట్టడం మనవల్ల కాని పనేం కాదు. మెకానికల్ వాళ్లు విషయం చూసుకుంటే, మేము యాప్ చేస్తాం, భాష క్లబ్బు చూసుకుంటుంది. చిక్కన, పలచనలాంటి మాటలు మన ఇళ్లలోనే దొరుకుతాయి.

సంక్రాంతికి ఇంటికెళ్తున్నారుగా. మీ ఇంట్లో ఏ బండికైనా ఆ లైటు వెలుగుతుంటే, టేపు ఉంటే పీకి, కోడ్ చదివి నాకు పంపండి. పీ0135తో మన జాబితా మొదలైంది. రెండోది మీది.